బడి "టీసీ తీసుకపోండి" అంటే: బాబుకు సాయం చేయించుకునే దారి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు పదేళ్లు, హనుమకొండలో ప్రైవేటు బడి, ఐదో తరగతి. నాన్న ఖతర్ వెళ్లినప్పటి నుంచి బాబు క్లాసులో కుదురుగా ఉండడు, నోట్సు చింపుతాడు, పక్కవాళ్లను కొడతాడు. పోయిన నెల ఒక పిల్లవాడి పెదవి పగిలింది. రోజూ బడి నుంచి ఫోను, మీరు బట్టల షాపులో పర్మిషన్ అడిగి పరుగెత్తడం. ఇప్పుడు ప్రిన్సిపాల్ "మీరే టీసీ తీసుకపోతే మంచిది, లేకుంటే రిమార్కు రాయాల్సి వస్తది" అన్నారు. మీ అత్తమ్మ హాస్టల్‌లో వేయమంటున్నారు. వీడికి బడి చేత ఏదైనా సాయం చేయించడం అసలు కుదిరే పనేనా అని మీ ప్రశ్న.

కుదురుతుంది. నేను వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడుల్లో పంతులుగా మొదలై హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. మీలాంటి తల్లులు వచ్చి కూర్చునే కుర్చీకి ఎదురు కుర్చీలో చాలా కాలం ఉన్నాను. అటువైపు నుంచి చూస్తే ఒకటి స్పష్టంగా తెలుస్తుంది: "మా బాబును కొంచెం అర్థం చేసుకోండి సార్" అని ఏడ్చి వెళ్లిన తల్లి మాట మీద మాకు జాలి కలుగుతుంది, పని మాత్రం జరగదు. "రేపటి నుంచి వీడిని కిటికీ పక్కన కాకుండా రెండో బెంచీలో కూర్చోబెట్టండి" అన్న తల్లి మాట మీద పని జరుగుతుంది. మీరు అడగాల్సినవి ఆ సైజులో ఉండాలి. ఈ సమాధానమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు టీసీ సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో చేసిన సవరణతో 5, 8 తరగతుల్లో ఫెయిలైన వాళ్లను అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. వెళ్లగొట్టకూడదు అన్న మాట మాత్రం అలాగే ఉంది. ఇది ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. మైనారిటీ యాజమాన్యం కింద ఉన్న బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, మీది మిషనరీ కాన్వెంట్ అయితే ఆ తేడా గుర్తుంచుకోండి.

బడులకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే ఎవరూ "తీసేస్తున్నాం" అని రాసివ్వరు. మీ చేతనే టీసీ కావాలని దరఖాస్తు రాయిస్తారు. అప్పుడది మీరు స్వయంగా తీసుకెళ్లినట్టు అవుతుంది. కాబట్టి ఆ దరఖాస్తు రాయకండి. "మళ్లీ కొడితే టీసీ తీసుకుంటాను" అని అండర్‌టేకింగ్ రాయమన్నా అక్కడికక్కడే సంతకం పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడి చెప్తాను సార్" అంటే చాలు, ఎవరూ గొడవ పడరు. రిమార్కు అన్న బెదిరింపు గురించి నిద్ర చెడగొట్టుకోకండి. ఐదో తరగతి పిల్లవాడి టీసీలో ప్రవర్తన గడి కొత్త బడి వాళ్లు పట్టించుకోరు. నేనైతే ఎప్పుడూ పట్టించుకోలేదు.

అయితే రేపే వెళ్లి ప్రిన్సిపాల్ ముందు 16వ సెక్షన్ చదవకండి. చట్టం మీ సంచిలో ఉండనివ్వండి. చట్టంతో బెదిరిస్తే బాబుకు బెంచీ మీద చోటు దొరుకుతుంది. ఆ బెంచీ దగ్గరికి వచ్చి "ఏమైంది నాన్నా" అనే టీచర్ దొరకదు. మనకు కావాల్సింది రెండోది.

ఆ క్లాస్ టీచర్ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించండి. గదిలో నలభై మంది, జీతం అంతంత మాత్రం. నోట్సులు దిద్దలేదని ఇన్‌చార్జి మాటలు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "ఆ అబ్బాయి మీద ఏం యాక్షన్ తీసుకున్నారు" అని మెసేజ్‌లు. ఆమెకు మీ బాబు మీద పగ లేదు, టెన్షన్ ఉంది. మీ బాబు వల్ల ఆమె నెత్తిన పడిన బరువు కొంచెం దించితే ఆమె మీ వైపు వస్తుంది. ప్రిన్సిపాల్ వేరే లెక్కలో ఉంటారు. చిన్న ప్రైవేటు బడుల్లో ప్రిన్సిపాల్‌కు అధికారం తక్కువ, నిర్ణయం బడిని నడిపే కరస్పాండెంట్‌ది. కరస్పాండెంట్ భయమల్లా పెదవి పగిలిన పిల్లవాడి తల్లిదండ్రులు ఇంకో నలుగురిని వెంటేసుకుని వేరే బడికి పోతారేమోనని. అందుకే నా సలహా, మొదట ఆ పిల్లవాడి తల్లి దగ్గరికి వెళ్లండి. గ్రూపులో సారీ పెట్టడం కాదు, ఇంటికో, బడి గేటు దగ్గరికో. మందుల ఖర్చు అడగండి, బాబు ఎందుకలా ఉన్నాడో రెండు ముక్కల్లో చెప్పండి, వాదించకండి. ఆ ఒక్కామె మెత్తబడితే బడి మీద ఒత్తిడి సగం తగ్గుతుంది. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు కానీ నా అనుభవంలో ఏ కాగితం కన్నా బాగా పనిచేసింది.

మీటింగ్‌కు వెళ్లేముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఫోన్ వచ్చిన ప్రతిసారీ తేదీ, టైం, ఏ పీరియడ్, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపటికి శాంతించాడు, ఇవి రాయండి. "అల్లరి చేశాడు" అని చెబితే సరిపోదు. టీచర్‌ను మర్యాదగా అడగండి, "మేడం, కొట్టడానికి ముందు ఏం జరిగింది?" రెండు వారాల్లో ఏదో ఒక వరస కనబడుతుంది. లంచ్ తర్వాతేనా? హిందీ పీరియడ్‌లోనా, బోర్డు మీది పెద్ద పెద్ద నోట్స్ ఎక్కించాల్సిన చోటనా? వాళ్ల నాన్న వీడియో కాల్ చేసిన మరుసటి రోజా? ఖతర్‌లో శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడుతుంటారు. శనివారం బాబు ఎలా ఉంటున్నాడో ప్రత్యేకంగా గమనించండి. అదే కారణమని ముందే తేల్చేయకండి, చూడండి అంతే.

అదే సమయంలో కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. నవ్వుకోకండి. బోర్డు కనబడక పక్కవాడి నోట్సు లాక్కుని తన్నులు తినే పిల్లలు ఎంతమందో. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఫోన్ ఎంతసేపు చూస్తున్నాడు, ఇవీ అందులోకే రాయండి.

ఇంకోటి, బాబును "ఎందుకు కొట్టినవ్ రా" అని అడగకండి. దానికి వాడి దగ్గర జవాబు ఉండదు, ఉన్నా చెప్పడు. "ఆటోలో నీ పక్కకు ఎవరు కూసుంటరు? లంచ్‌ల ఎవరితోని తింటవ్? ట్యూషన్ సార్ కోపమొస్తే ఏం చేస్తడు?" ఇలా పక్కదారిలో అడగండి. ఎవరో కొడుతున్నారనో, "మీ నాయిన పారిపోయిండు" అని ఏడిపిస్తున్నారనో బయటపడొచ్చు. ఎవరైనా చెడుగా ఒంటి మీద చెయ్యి వేసిన విషయం ఏదైనా బయటికొస్తే అది బడితో తేల్చుకునే పని కాదు. వెంటనే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు, పోలీసులకు చెప్పాలి.

ఇక మీటింగ్. పేరెంట్స్ మీటింగ్ రోజు వద్దు, లైన్‌లో నిలబడితే దొరికేది రెండు నిమిషాలు. పొద్దున గేటు దగ్గర అసలే వద్దు. "ఇరవై నిమిషాలు టైం కావాలి సార్, క్లాస్ టీచర్ మేడం కూడా ఉంటే బాగుంటది" అని ముందురోజే అడగండి. వెంట ఒకరిని తీసుకెళ్లండి. ఆ ఒకరు గట్టిగా మాట్లాడే మేనమామ కాకూడదు, రాసుకునే ఓపిక ఉన్న మనిషి అయితే మంచిది. వాళ్ల నాన్నను వీడియో కాల్‌లో పెట్టకండి. దూరంగా ఉన్న మనిషికి కోపం తొందరగా వస్తుంది, గదిలో వాళ్లు బిగుసుకుపోతారు. ఆయన మాట మీరే చెప్పండి.

ఏం అడగాలి? మీ నోట్‌బుక్ ఏం చెబుతుందో దాన్ని బట్టి మూడే అడగండి, నెల రోజులకు. మీరు రాసిన దాన్ని బట్టి నేనైతే ఇవి అడుగుతాను. తలుపుకూ కిటికీకీ దూరంగా, టీచర్ చేతికి అందే బెంచీలో కూర్చోబెట్టడం, పెదవి పగిలిన బాబు వేరే వరసలో. వీడికి కోపం ఎక్కుతున్నట్టు కనిపించగానే గొడవ ముదరకముందే "ఈ రిజిస్టర్ ఆఫీసుల ఇచ్చి, నీళ్లు తాగి రా పో" అని బయటికి పంపడం. ఇందులో శిక్ష ఉండదు, క్లాసు ముందు పరువూ పోదు. ఒక్క రూపాయి ఖర్చు లేని ఉపాయం, అనుభవం ఉన్న పంతుళ్లు దాదాపు అందరూ వాడేదే. ఇక మూడోది, రాతపని తగ్గించడం. పది ప్రశ్నలు ఇచ్చిన చోట వీడికి ఐదు, ఆ ఐదూ పూర్తి చేయాలి.

వీటితోపాటు ఒక విషయం గట్టిగా చెప్పండి: శిక్షగా ఆటల పీరియడ్ తీసేయొద్దని. బడులు చేసే అతి పెద్ద పొరపాటు ఇదే. కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి రోజులో పరుగెత్తే ముప్పావుగంట కూడా లేకుండా చేసి, ఆ తర్వాతి పీరియడ్‌లో కూర్చోమంటారు. పీఈటీ సార్‌తో విడిగా మాట్లాడండి. ఇలాంటి పిల్లలకు బడిలో దొరికే మొదటి స్నేహితుడు చాలాసార్లు ఆయనే అవుతాడు.

ఫోన్ల గురించీ ఒక ఒప్పందం చేసుకోండి. దెబ్బ తగిలితేనో, రక్తం వస్తేనో ఫోన్. మిగతావన్నీ సాయంత్రం డైరీలో రెండు లైన్లు. మీరు రోజూ పరుగెత్తి వెళ్లి బాబును తీసుకొస్తుంటే వాడికి ఒక పాఠం వచ్చేసింది: గొడవ చేస్తే అమ్మ వస్తుంది. నాన్న దగ్గర లేని పిల్లవాడికి అది చిన్న బహుమతి కాదు.

మీటింగ్ అయిన రోజు సాయంత్రమే ఒక ఉత్తరం రాయండి. ఇంగ్లిష్ రాదని ఆగొద్దు, తెలుగు చాలు. ఇలా:

"ప్రిన్సిపాల్ గారికి, ఐదో తరగతి బి సెక్షన్‌లో చదువుతున్న మా బాబు గురించి ఈరోజు మీరు, క్లాస్ టీచర్ గారు టైం ఇచ్చి మాట్లాడినందుకు కృతజ్ఞతలు. మనం అనుకున్నవి: బాబును టీచర్ గారి దగ్గరి బెంచీకి మార్చడం, కోపం వచ్చినప్పుడు కాసేపు బయటికి పంపడం, రాతపని సగం చేయడం. ఆటల పీరియడ్ తీసేయకుండా చూస్తామన్నారు. ఇంటి దగ్గర నేను చేస్తానన్నవి: తొమ్మిదికల్లా పడుకోబెట్టడం, డైరీ రోజూ చూసి సంతకం పెట్టడం, డాక్టర్‌కు చూపించడం. వచ్చే నెల ఫలానా తేదీన మళ్లీ కలుద్దామనుకున్నాం. ఇందులో ఏదైనా తప్పుగా రాస్తే తెలియజేయగలరు."

చివరి వాక్యం ముఖ్యం. వాళ్లు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అదే ఉత్తరం ఫోటో తీసి ప్రిన్సిపాల్ వాట్సాప్‌కు పంపండి, లేదా స్పీడ్ పోస్టులో వేయండి. ఎక్కడా "ఫిర్యాదు" అన్న మాట లేదు చూడండి. రేపు అవసరం పడితే మాత్రం ఫైలులో మొదటి కాగితం ఇదే.

డాక్టర్ విషయానికొస్తే, చూపించండి, ఆలస్యం వద్దు. వరంగల్ సర్కారు ఆసుపత్రి ఎంజీఎంలో సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీ ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి అనుకుంటారని మీ అత్తమ్మ భయపడొచ్చు, పిల్లల డాక్టర్ దగ్గర మొదలుపెట్టి ఆయన రాసిస్తే వెళ్తున్నామని చెప్పండి. పూర్తి పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ ముందే కనుక్కుని వెళ్లండి, పరీక్షలకు మళ్లీ మళ్లీ పిలవొచ్చు.

ఆ కాగితం దేనికి పనికొస్తుందంటే: దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజంతో పాటు చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందిని కూడా అందులో చేర్చారు, డిస్లెక్సియా ఆ కోవదే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా అలాంటి పిల్లలను చేర్చుకోవాలి, వాళ్లకు తగ్గ ఏర్పాట్లు చేయాలి, ఆ ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించాలి అని ఆ చట్టమే చెబుతోంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు కూడా అందులో ఉన్నాయి. పబ్లిక్ పరీక్షల మార్గదర్శకాల్లో ఈ అదనపు సమయం గంటకు ఇరవై నిమిషాలు. ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని ఇబ్బందిని ఏడీహెచ్‌డీ అంటారు, దాని పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. డాక్టర్ అదొక్కటే తేల్చితే సర్టిఫికెట్ కష్టమవుతుంది, అయినా ఆయన ఉత్తరానికి బడిలో విలువ ఉంటుంది. డాక్టర్‌ను ఒకటి అడగండి: జబ్బు పేరు రాసి ఊరుకోకుండా, "క్లాసులో టీచర్లు ఏం చేయాలి" అన్నది నాలుగు లైన్లు రాసివ్వమని. బడికి ఆ నాలుగు లైన్ల కాపీ ఇవ్వండి చాలు. రిపోర్టు మొత్తం ఇస్తే స్టాఫ్‌రూమ్‌లో అందరి నోళ్లలో పడుతుంది.

ఇక్కడ నాదొక అనుమానం కూడా చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో అన్నీ ఇంగ్లిష్, ఇంట్లో పాఠం అడగడానికి ఎవరూ లేరు. అలాంటి పిల్లవాడు చదవలేకపోతే వెంటనే డిస్లెక్సియా అనేయడం ఈ మధ్య ఎక్కువైంది. పరీక్ష చేసేవారిని తెలుగులో కూడా చదివించి చూడమనండి. తెలుగు పేరా గడగడా చదివి ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతే దారి వేరు. దానికి ట్యూషన్ చాలు, సర్టిఫికెట్ అక్కర్లేదు. తెలుగులోనూ అక్షరాలు తడబడితే అప్పుడు మండల విద్యావనరుల కేంద్రంలో భవిత కేంద్రం గురించి అడగండి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడిచే కేంద్రాలవి. అక్కడి రిసోర్స్ టీచర్‌తో ఒక గంట మాట్లాడినా మీకు చాలా తెలుస్తుంది.

ఇంత చేసినా బడి కదలకపోతే? నెల తర్వాత రెండో మీటింగ్ అడగండి, అదీ ఇవ్వకపోతే కరస్పాండెంట్‌కు పాత ఉత్తరం జతచేసి రాయండి. ఆ తర్వాత ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). మన దగ్గర ఒక తికమక ఉంది. 2021లో జిల్లాల పేర్లు మారాక హనుమకొండ, కాజీపేట వైపు బడులు హనుమకొండ జిల్లాలో, వరంగల్, ఖిలా వరంగల్ వైపువి వరంగల్ జిల్లాలో ఉన్నాయి. తప్పు ఆఫీసులో ఇస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇచ్చిన దరఖాస్తుకు రశీదు అడిగి తీసుకోండి. రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు కూడా రాయొచ్చు. బాబును ఎవరైనా కొట్టినా, ఎండలో నిలబెట్టినా, అందరి ముందు "నీలాంటోడు మా బడికి వద్దు" అని అవమానించినా మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. నేరుగా డీఈఓకు రాయండి, 1098కి చెప్పండి.

బడి మార్చడం తప్పని నేను అనను. కొన్ని బడుల్లో ఎంత మంచి ఉత్తరం రాసినా గోడకు రాసినట్టే. మార్చాలనుకుంటే వాళ్లు తరిమిన రోజు కాకుండా మీకు వీలైన రోజు, ఏడాది చివర మార్చండి. తక్కువ మంది పిల్లలున్న సర్కారు బడి ఒకటి వెతకండి. పదిహేను మంది ఉన్న తరగతిలో వీడి మీద కళ్లు ఉంటాయి. ఫీజు బాకీ అని టీసీ ఆపినా, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, అదీ చట్టంలోనే ఉంది. కొత్త హెడ్‌మాస్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచి చేర్పిస్తే వారంలో తెలిసిపోతుంది, అప్పుడు మాకు పిల్లవాడి మీద కన్నా తల్లి మీద కోపం వస్తుంది.

హాస్టల్ సంగతి. గురుకులాల్లో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీటొస్తే ఫీజు లేదు, అత్తమ్మ మాటలో ఆ లెక్క ఉందేమో. గురుకులాల్లో చదివి పైకొచ్చిన పిల్లలు ఎందరినో చూశాను, వాటి మీద నాకు చిన్నచూపు లేదు. కానీ నాన్న దూరమై ఇలా అయిన పిల్లవాడిని ఇప్పుడు అమ్మకూ దూరం చేస్తే "దారికొస్తడు" అన్నది వట్టి ఆశ. పైకి నిశ్శబ్దంగా మారొచ్చు, పెద్దలు దాన్నే బాగుపడ్డాడనుకుంటారు. రెండేళ్ల తర్వాత, వాడే పోతానంటే అప్పుడు ఆలోచించండి. అత్తమ్మకు మీరు చెప్పలేకపోతే ఆ మాట డాక్టర్ చేత చెప్పించండి, పెద్దవాళ్లు తెల్లకోటు మాట వింటారు.

మీ గురించి ఉత్తరం చివర ఒక్క లైను రాసి వదిలేశారు, రాత్రిళ్లు నిద్ర లేదని. 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాబు గురించి కూడా అక్కడ అడగొచ్చు.

ప్రిన్సిపాల్‌కు ఇంటి అప్పుల సంగతి చెప్పాలా అని అడిగారు. అక్కర్లేదు. "వాళ్ల నాన్న విదేశంలో ఉన్నారు, వీడు బెంగపెట్టుకున్నాడు" అంటే చాలు. మీటింగ్ మాత్రం దసరా సెలవులకు ముందే పెట్టించుకోండి. సెలవులయ్యాక సమ్మేటివ్ పరీక్షల హడావుడిలో ఎవరూ మీ మాట వినే స్థితిలో ఉండరు.